ఆయా చేతిపని

మంచం పట్టిన మనిషిని పక్కకి ఎలా తిప్పుతారో చూస్తే చాలు, ఆ వృద్ధాశ్రమంలో పని ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. పనితెలిసిన ఆయా ఒంటిమీద చెయ్యి వేసే ముందు మాట వేస్తుంది: "అవ్వా, ఇట్ల తిప్పుతున్నం, సరేనా?" అవ్వకి వినపడిందో లేదో కళ్ళలో చూసుకుంటుంది. తర్వాత ఇద్దరు చెరోవైపు నిలబడి, ఒంటికింద ముందే పరిచిన మడత దుప్పటిని పట్టుకుని ఎత్తుతారు. ఈడ్చరు. ముసలి చర్మం పలచన, ఈడిస్తే లోపల్లోపలే చిట్లుతుంది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఇంకొకటి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మరొకటి.

సాధారణంగా ఇది రెండు గంటలకోసారి. ఒక మనిషికి రోజుకి పన్నెండుసార్లు. అలాంటివాళ్ళు పదిమంది ఉంటే నూటఇరవై, అందులో సగం రాత్రిపూట. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అని రాసింది. కొడుకులూ కోడళ్ళూ వలసపోయి ముసలివాళ్ళే మిగిలిన ఇళ్ళు పాలమూరులో కొత్తకాదు కాబట్టి, గద్వాల లాంటి చోట ఆ అంకెకి అర్థం ఉంది. అయితే మంచాలు లెక్కపెట్టేవాళ్ళు ఈ నూటఇరవైని కూడా లెక్కపెడితే బాగుండును.

తిప్పినప్పుడల్లా నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం చూస్తారు. వేలితో నొక్కి తీస్తే ఎరుపు తెల్లబడి మళ్ళీ రావాలి. నొక్కినా చెదరని ఎరుపు పడకపుండుకి మొదలు. కానీ జీవితమంతా ఎండలో చేనుపని చేసిన నల్లటి ఒంటిమీద ఆ ఎరుపు సరిగా కనపడదు. అందుకే అరచేతి వెనక ఆనించి వేడి చూస్తారు, వేలికొసతో గట్టిదనం చూస్తారు. అక్కడ నూనె పోసి మర్దన చెయ్యాలని చుట్టాలు పట్టుబడతారు. అప్పటికే నలిగిన చోటు రుద్దితే ఇంకా నలుగుతుంది. ఆ మాట వాళ్ళకి కోపం రాకుండా చెప్పడం కూడా ఆయా పనే, జీతంలో దానికి పద్దు లేకపోయినా.

తినిపించేటప్పుడు వీపు నిటారు, గడ్డం కొంచెం కిందికి. జొన్నరొట్టె లేనిదే తిన్నట్టనిపించని ఈ గద్వాల వైపు నడిగడ్డ నోటికి గోధుమ జావ పట్టిస్తే మూడోరోజుకి నోరు మూసేస్తుంది. రొట్టె తుంచి పప్పులో నానేస్తే అదే నోరు తెరుచుకుంటుంది. గొంతు కదిలి ముద్ద దిగాకే మళ్ళీ చెంచా లేస్తుంది. తిన్న వెంటనే పడుకోబెట్టరు, అరగంటైనా కూర్చోబెడతారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది చెయ్యి ఆపుకోవడం. తడిగుడ్డ ఆయా తనే తీసుకుని ముఖం తుడిచేస్తే నిమిషం పని. అవ్వ చేతికిస్తే పది నిమిషాలు, పైగా సగం నీళ్ళు రవికె మీద. అయినా చేతికే ఇస్తుంది, ఎందుకంటే వాడని చెయ్యి త్వరలోనే లేవనంటుంది. నూలు చీరకి పట్టు అంచు కలిపే గద్వాల నేతలో పనితనం అతుకు దగ్గర తెలుస్తుంది. ఇక్కడా అంతే: అవ్వ బలం ఎక్కడ ఆగుతుంది, తన చెయ్యి ఎక్కడ మొదలవ్వాలి అన్నది ఆయా రోజూ కొత్తగా చూసుకోవాలి. నిన్న లేచిన చెయ్యి ఇవాళ లేవకపోవచ్చు. గబగబా పది మంచాలు ముగించే మనిషిని మేనేజర్లు మెచ్చుకుంటారు గానీ, నేనైతే అనుమానిస్తాను.

మతి తప్పినవాళ్ళ దగ్గర ఈ ఓపిక మరో రూపం ఎత్తుతుంది. "ఇంటికి పోతా" అని లేచిన పెద్దావిడకి ఇది ఆశ్రమమని చెప్పి లాభం లేదు. ఇంట్లో ఎవరున్నారు, బర్రెలు పాలిస్తున్నాయా అని అడుగుతూ నాలుగడుగులు వెంట నడుస్తారు. తర్వాత ఉతికిన తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టి మడతపెట్టమంటారు. మడతలు వంకరగా వస్తాయి. ఆవిడ చూస్తుండగా వాటిని మళ్ళీ మడతపెట్టే మనిషికి ఈ పని ఇంకా రాలేదన్నమాట.