రిపోర్టు చదివే పని

థైరాయిడ్ రిపోర్టులో మనవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది టీఎస్‌హెచ్. పేరులో థైరాయిడ్ ఉన్నా, దాన్ని తయారు చేసేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. కాడెద్దు మందగిస్తే రైతు అదిలింపు పెరిగినట్టే, థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అంటే ఆ అంకె పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని అర్థం. మా ఊరు మన్ననూర్‌లో సాయంత్రాలు ఇరుగుపొరుగు తెచ్చే రక్తపరీక్ష కాగితాలు చదివిపెడుతుంటాను. నేను డాక్టర్ను కాను. ఉన్నది చదివి, డాక్టరును ఏం అడగాలో చెప్పడం వరకే నా పని.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. యాభై ఏళ్లుగా బీడీ తాగే మనిషి. టీఎస్‌హెచ్ 11 ఉంది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. "థైరాయిడ్ ఎక్కువైతే మగోళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తదంట గదా బిడ్డా. మా పిలగాడు ఫోన్‌ల జూసి చెప్పిండు. అందుకే థైరాయిడ్ గోలీ బంద్ వెట్టిన" అన్నాడు. నా గుండె గుభేలుమంది.

పిలగాడు చూసిన మాటకు మూలం లేకపోలేదు. ఫిన్లండ్‌లో 1985 నుంచి 1988 దాకా 50-69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవాళ్లను ఒక పెద్ద పరిశోధనలో చేర్చుకుని, వాళ్ల రక్తం దాచిపెట్టారు. తర్వాత ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన సుమారు 400 మంది రక్తాన్ని, రాని 800 మంది రక్తంతో పోల్చి 2012లో ఫలితం ప్రకటించారు. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్నవాళ్లలో, థైరాయిడ్ మందగించినవాళ్లలో ఆ క్యాన్సర్ ముప్పు కొంత తక్కువగా కనిపించింది. అంతే. రెండూ కలిసి కనిపించాయని చెప్పే లెక్క అది. ఒకటి రెండోదానికి కారణమని గాని, గోలీ మానితే క్యాన్సర్ తప్పుతుందని గాని అందులో లేదు. పైగా థైరాయిడ్ తక్కువైన మనిషికి గోలీ ఇచ్చేది లోటును పూడ్చడానికే. డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకుంటే హార్మోన్ ఉండాల్సిన చోటికి వస్తుంది, సాధారణంగా హద్దు దాటదు.

తొందరపడితే ఏమవుతుందో ఆ ఫిన్లండ్ పరిశోధనే చూపించింది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ బిళ్లలు పొగతాగేవాళ్లను ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి కాపాడతాయని అప్పట్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఆశపడ్డారు. 1994లో ఫలితం వచ్చేసరికి, ఆ బిళ్లలు మింగినవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా తేలింది. అదే పరిశోధనలో విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు కనిపిస్తే, అమెరికాలో మరో పెద్ద పరిశోధన చేశారు. అందులో 2011 నాటికి విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 17 శాతం పెరిగింది. ఇన్నేళ్లు, ఇన్ని వేల మందితో చూసినవాళ్లకే లెక్క తిరగబడిందే, ఫోన్‌లో రెండు వాక్యాలు చూసి మనం గోలీ మానడమా?

ఆ పెద్దాయనను మర్నాడే డాక్టరు దగ్గరికి పంపాను. గోలీ మళ్లీ మొదలుపెట్టి, పరగడుపున వేసుకొమ్మన్నారట. ఆరు వారాల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వాలి.

నాకు ఇంకా బాధగా ఉన్నది వేరే సంగతి. థైరాయిడ్‌కు అంత భయపడ్డ మనిషి బీడీ కట్ట మాత్రం జేబులోంచి తీయలేదు. పొగతాగేవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తే, దానితో చనిపోయే ముప్పు తాగనివాళ్లకన్నా ఎక్కువ. గుండెకు, ఊపిరితిత్తులకు చేసే చెరుపు సరేసరి. థైరాయిడ్ మందగించడం మన చేతిలో లేదు, బీడీ మన చేతిలోనే ఉంది.

ఇంకో మాట. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నా, ధార సన్నబడినా మన మగవాళ్లు సిగ్గుపడి చెప్పరు, వయసు అని సర్దుకుంటారు. చాలామందిలో అది వయసుతో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బడమే, క్యాన్సర్ కాదు. అయినా చూపించుకోవాలి. మూత్రంలో రక్తం పడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. థైరాయిడ్ పరీక్ష ప్రొస్టేట్ తేడాను పట్టదు. అచ్చంపేట ఆస్పత్రికి పోయి థైరాయిడ్ కాగితం చూపించేటప్పుడే ఈ సంగతీ నోరు తెరిచి చెప్పి, ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష నాకు అవసరమా అని డాక్టరునే అడగండి.