మైనమూ రెల్లూ: నాదస్వరపు చేతిపని

గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పత్తి, మిరప ఊళ్లలో పెళ్లిళ్లకూ దేవుడి కల్యాణాలకూ మోగే నాదస్వరం చెక్కతో చేసినదే అయినా, దాని పలుకును తీర్చిదిద్దేవి చాలావరకు కళాకారుడు తన చేత్తోనే సమకూర్చుకొనే చవకైన వస్తువులు. వేళ్లతో మూసి తెరిచే ఏడు రంధ్రాలు కాక అడుగుభాగాన మరో ఐదు ఉంటాయి. వాటిని అవసరాన్నిబట్టి మైనంతో పూడ్చి, శ్రుతినీ, అంటే పాటకు ఆధారమైన స్వరపు స్థాయినీ, నాదపు గుణాన్నీ సరిచేసుకొంటారు. చిటికెడు మైనం ఎక్కడ, ఎంత పెట్టాలో కొలబద్దతో కాక చెవితోనే తేల్చుకోవడం నిజంగా గొప్ప విద్య.

అంతకన్నా సున్నితమైనది పీక, అంటే రెల్లుజాతి కాడను అణచి రెండు పెదవుల్లా మలిచి, సన్నని లోహపు గొట్టానికి బిగించే నోటిభాగం. మిరపకాయలు కల్లాల్లో ఆరే ఎండకాలంలో అది తేమ కోల్పోయి బిరుసెక్కుతుంది కనుక, వాయించేముందు దాన్ని తడిపి మెత్తబరుస్తారు; వాద్యానికి దారంతో కట్టిన అదనపు పీకలూ, పీకలో చేరిన ఉమ్మినీ నలుసునూ తీసే చిన్న సూదీ కచేరీ సాగినంతసేపూ చేతికందేంత దూరంలోనే వేలాడుతుంటాయి. వేదికపై ఈ మరమ్మతును చూసి చిరాకుపడే శ్రోత, స్వరశుద్ధి అక్కడే తయారవుతోందని గమనించాలి.

ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా, చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు వద్ద నేర్చుకొని, తరువాత శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకొన్నది ఈ మైనం, రెల్లు, సూదితో నడిచే వాద్యం మీదనే.