పిల్లర్ చువ్వలు, సోలార్ ప్యానెళ్లు

మా వైపు ఊళ్ళలో ఏ డాబా ఎక్కినా పిల్లర్ చువ్వలు పైకి లేచి కనిపిస్తాయి. తుప్పు పట్టకుండా కొందరు వాటికి సిమెంటు పాలు పూస్తారు, కొందరు ఖాళీ సీసాలు బోర్లిస్తారు. అబ్బాయి ఉద్యోగంలో కుదురుకుంటేనో, అమ్మాయి పెళ్లి అప్పు తీరితేనో పైన ఇంకో వాటా వేస్తారన్నమాట. ఏళ్ళు గడిచినా వెయ్యరు, చువ్వలు మాత్రం కొయ్యరు.

సోలార్ ఎందుకు పెట్టించుకోలేదని అడిగితే ముందు బిల్లు గురించి చెబుతారు. కాస్త కదిపితే మాట ఆ చువ్వల దగ్గరికే వస్తుంది. ప్యానెల్ ఆయుష్షు సుమారు 25 ఏళ్ళు. అన్నాళ్ళు ఈ ఇంటి మీద ఇంకేమీ కట్టబోమని భార్యాభర్తలు, ఒక్కోసారి అమెరికాలో ఉన్న కొడుకు కూడా ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కుదరని ఇంట్లో ఎంత సబ్సిడీ ఇచ్చినా దరఖాస్తు కదలదు.

డబ్బు లెక్క దీనికంటే తేలిక. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, వెరసి 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపుటడుగుల జాగా కావాలి. ఎండ బాగుంటే రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ కరెంటు చార్జీల స్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. సోలార్ ముందు కోసేది ఈ పై స్లాబులనే. అందుకే రెండు ఏసీలు తిరిగే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. నాలుగు ఫ్యాన్లు, ఒక టీవీతో సరిపెట్టుకునే ఇంటికి అదే పెట్టుబడి ఎన్నేళ్ళకో గానీ రాదు.

తెలంగాణలో ఇంకో చిక్కు. గృహజ్యోతి పథకం కింద అర్హులకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. హైదరాబాద్‌లో మా పిన్నికి సోలార్ కుర్రాడొకడు ఫోన్ చేసి బిల్లు తగ్గిస్తానన్నాడట. "నాకొచ్చేదే సున్నా బిల్లు నాయనా, అందులోంచి ఏం తగ్గిస్తావు?" అంది. అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఒక చేత్తో ఉచిత కరెంటు, ఇంకో చేత్తో సోలార్ సబ్సిడీ పట్టుకుని ప్రభుత్వాలు ఒకే గుమ్మం ముందు నిలబడితే, ఇల్లాలు దేన్ని తీసుకుంటుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

పెట్టించుకున్నవాళ్ళ గొడవ వేరు. మా వీధిలో ఒక బాబాయిగారు ఉత్సాహంగా 3 కిలోవాట్లు పెట్టించారు. తరవాత ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పైన ప్యానెళ్లు ఎండలో నిగనిగలాడుతున్నాయి, కింద ఫ్యాన్ ఆగిపోయింది. ఆయన గోడకున్న ఇన్వర్టర్ ముందు నిలబడి, "ఇదేమిటయ్యా, సూర్యుడు కూడా లైన్‌మన్ చెప్పినట్టే వింటాడా?" అన్నారు. వింటాడు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కి తీగ ముట్టుకున్న మనిషికి మన డాబా మీది కరెంటు తగులుతుంది. ఇది ఉండాల్సిన ఏర్పాటే. కానీ అమ్మేవాళ్ళు ఈ ముక్క గట్టిగా చెప్పరు. నెలాఖరున బాబాయిగారి బిల్లు బాగానే తగ్గింది. వీధిలో తిరిగింది మాత్రం ఫ్యాన్ ఆగిన కథే.

ఈ కథలకు బలం ఎక్కువ. ఒక ప్రాంతంలో ప్యానెళ్లు పెరిగేకొద్దీ అక్కడ కొత్తగా పెట్టించుకునేవాళ్ళూ పెరుగుతారని బోలింజర్, గిల్లింగ్‌హామ్ అనే పరిశోధకులు కాలిఫోర్నియా లెక్కలు తీసి 2012లో చూపించారు. మన దగ్గరైతే పక్కింటి బిల్లు చేత్తో పట్టుకుని చూస్తే తప్ప నమ్మం. పక్కింటివాళ్ళ స్లాబు కారిందని విన్నామా, అది మాత్రం చూడకుండానే నమ్మేస్తాం.

ఇక డాబాను రోజూ వాడే మనిషి సంగతి. వడియాలు, ఎండుమిర్చి, మాగాయ ముక్కలు, ఉతికిన దుప్పట్లు, అన్నిటికీ ఆ జాగాయే. అక్కడ మోకాలెత్తున ప్యానెళ్లు పరుస్తామంటే ఇల్లాలు వద్దంటుంది, ఆవిడ మాట న్యాయం. దానికి విరుగుడుగా తలకు తగలనంత ఎత్తులో స్టాండ్ వేసి పెడుతున్నారు. కింద నీడ వస్తుంది, జాగా మిగులుతుంది. కాకపోతే ఇనుముకు ఖర్చు పెరుగుతుంది, కోస్తాలో తుపాను గాలికి బిగింపు గట్టిగా ఉండాలి, దుమ్ము కడగాలంటే నిచ్చెన ఎక్కాలి. అయినా నన్నడిగితే ఎత్తు స్టాండే మేలు. డాబా పోతుందన్న భయం తీరితే ఇంట్లో సగం వ్యతిరేకత తీరినట్టే.

అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఈ చర్చే లేదు. బిల్లు కట్టేది ఒకరు, డాబా ఇంకొకరిది. తనకు మిగలని డబ్బుకు ఇంటి ఓనరు రెండు లక్షలు ఎందుకు పెడతాడు? అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, మోటార్ల కోసం సంఘాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది గానీ, పైఅంతస్తు వాళ్ళు టెర్రస్ తమదేనన్నట్టు మాట్లాడితే మీటింగ్ అక్కడే ఆగుతుంది. వేరేచోట పెట్టిన ప్లాంటులో వాటా తీసుకుని మన బిల్లులో తగ్గించుకునే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నిబంధనలు వచ్చాయి. డాబా లేనివాళ్ళ గురించి ఆలోచించాలంటే దారి అదే.

డాబా ఉండి, చువ్వల మీద ఆశ వదులుకున్నవాళ్ళకు ఒక్క మాట. కంపెనీవాళ్ళు మే నెల ఎండలో వచ్చి జాగా కొలిచి వెళ్తారు. మీరు డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పైకెక్కి, నీళ్ళ ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ ఎంతదాకా వస్తున్నాయో చూశాకే సంతకం పెట్టండి.