బంద్ పెట్టే తారీఖు

మొన్న ఆదివారం వికారాబాద్ స్టేషన్లో ఈ కాలమ్ రచయితకు తాండూరు మిత్రుడు కనబడ్డాడు. నాపరాళ్లు పాలిష్ పట్టించే మనిషి. వయసు 68, బీపీ ఉంది, షుగర్ ఉంది. చేతిలో ఎవరి ఇంటికో తీసుకెళ్తున్న కందిపప్పు సంచి. “గుండె దడ పోయిందన్నా. ఆ కాల్చే వైద్యం అయ్యి నాలుగు నెలలైంది. గోలీలన్నీ బంద్ వెట్టిన” అన్నాడు సంబరంగా.

రచయితకు ఒళ్లు మండింది. గోలీ మధ్యలో ఆపొద్దన్న మాట ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వచ్చిందో పాత పాఠకులకు తెలుసు. అనంతగిరి కొండ మీది టీబీ దవాఖాన నీడలో పెరిగినవాడు ఇంకోలా మాట్లాడలేడు. మందుల్లేని రోజుల్లో టీబీకి కొండగాలే వైద్యం. 1959లో మద్రాసు పరిశోధన దాన్ని తిరగరాసింది: శానటోరియంలో ఉన్నవాళ్లలాగే, ఇరుకు ఇళ్లలో ఉండి మందులు వాడినవాళ్లకూ నయమైంది. నయం చేసింది గాలి కాదు, గోలీ. అయినా రచయిత మేనమామ రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందులు మానేశాడు. మళ్లీ ఆ కొండెక్కినప్పుడు ఆయన భుజమ్మీది శాలువా కిందికి జారుతుంటే, దాన్ని పైకి లాక్కునే ఓపిక కూడా ఆయనకు లేదు. ఆ శాలువా రచయిత కళ్లముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

అందుకే ప్లాట్‌ఫాం మీదే మిత్రుణ్ని కోప్పడ్డాడు. మిత్రుడు నొచ్చుకుని ఫైలు తీశాడు.

చీటీ చూస్తే, మొదటి గోలీ విషయంలో తప్పు రచయితదే. గుండె లయను సరిచేసే అమియోడరోన్‌ను మూడు నెలలకు ఆపమని డాక్టరే రాశాడు. గుండె ఎగువ గదులు లయ తప్పి అదిరే ఈ జబ్బులో, ఆ అదురు చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి గుండెకొచ్చే రక్తనాళాల దగ్గర పుడుతుందని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యుడు హైసగేర్ బృందం 1998లో చూపింది. కాల్చే వైద్యం ఆ చోటు చుట్టూ కాల్చి, దాన్ని మిగతా గుండె నుంచి వేరు చేస్తుంది. గాయం మానేదాకా దడ వచ్చిపోవచ్చు గనుక కొన్నాళ్లు లయ గోలీ తోడుంటుంది. ఆ తర్వాత కూడా ఊరికే మింగితే నష్టమే. అమియోడరోన్ నిండా అయోడిన్. థైరాయిడ్‌నూ ఊపిరితిత్తులనూ దెబ్బతీయగలదు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, పొద్దంతా బండల మధ్య నిలబడే తాండూరు మనిషికి అదేం చిన్న బాధ కాదు. కొవ్వులో చేరి కూర్చుంటుంది కాబట్టి, ఆపాక కూడా ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది.

అంటే గోలీ ఆపడమూ వైద్యమే. ఇన్నాళ్లూ రచయిత ఆ సగం మాట రాయలేదు.

కానీ మిత్రుడు ఇంకో రెండు ఆపాడు, తనంతట తాను. మెటోప్రొలాల్‌ను ఒక్కసారిగా ఆపితే గుండె పరుగందుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువ భయపెట్టింది అపిక్సబాన్, రక్తం గడ్డకట్టకుండా చూసే గోలీ. దడ పోయిందన్నది మనిషికి తెలిసే సంగతి. ఎడమ ఎగువ గదికి అతుక్కున్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకట్టడం తెలియదు, ఒక్కోసారి దడ తిరిగొచ్చినా తెలియదు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. 2002లో వెలువడిన ‘అఫర్మ్’ పరిశోధనలో ఇదే జబ్బున్న 4,060 మంది ఉన్నారు. లయ సరిచేసిన వర్గంలోనూ పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది, రక్తం గడ్డకట్టనివ్వని మరో గోలీ వార్ఫరిన్ మానేసినవాళ్లో దాని మోతాదు చాలనివాళ్లో. అరవై ఐదు దాటిన వయసు, బీపీ, షుగర్ మూడూ ఉన్న మనిషికి లయ కుదిరినా ఆ గోలీ కొనసాగుతుంది.

చీటీలో ఆ రెంటి పక్కనా ఏమీ రాసి లేదు. ‘ఆపాలి’ అన్న ఒక్క మాటను మిత్రుడు అన్నింటికీ అన్వయించుకున్నాడు. మొదలుపెట్టే మోతాదును అంత శ్రద్ధగా రాసే చెయ్యి, ఏది ఎప్పుడు ఆపాలో, ఏది అసలు ఆపకూడదో ఒక్కో గోలీ పక్కన తెలుగులో రాయాలి. ఈ కాలమ్ ఇకపై పట్టుబట్టేది ఆ రాత కోసం.

మిత్రుడు అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేశాడు. రెండూ ఇవాళే మొదలుపెట్టమన్నారు. స్టేషన్ బయట మందుల దుకాణంలో అట్టలు కొన్నాక, బండల మీద కొలతలు వేసే మార్కర్ జేబులోంచి తీసి అపిక్సబాన్ అట్ట వెనక పెద్దక్షరాలతో రాసుకున్నాడు: పొద్దున, రాత్రి. డాక్టర్ చెప్పేదాక.