గుడ్డ గోడకు చలి తొడుగు

క్యాంపర్‌వ్యాన్ కొనేవాళ్ళు ఇంజను చూస్తారు, మంచం చూస్తారు, పొయ్యి చూస్తారు. పైకి లేచే కప్పును ఒకసారి ఎత్తి, దించి, బాగుందనుకుంటారు. ఆ కప్పు చుట్టూ ఉన్నది గుడ్డ గోడేనన్న సంగతి ఎండాకాలంలో ఎవరికీ పట్టదు. బ్రిటన్‌లో అక్టోబరు చివర బడులకు సెలవులిచ్చినప్పుడు స్కాట్లండ్ కొండల్లో బండి ఆపి, పిల్లల్ని పై మంచం మీద పడుకోబెడితే, అర్ధరాత్రికి అది తెలిసొస్తుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు కూడా ఇప్పుడు ఈ బండ్లు అద్దెకు తీసుకుని హైలాండ్స్ దారి పడుతున్నారు. కాబట్టి ఈ గుడ్డ గోడకు వేసే చలి తొడుగు గురించి కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరం.

పైకి లేచే ఈ కప్పుకు సుమారు డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. 1951లో జర్మనీలోని వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో అమర్చుకునే క్యాంపింగ్ పెట్టెను తయారుచేసింది. ఇంగ్లండ్‌లో కెంట్ తీరాన ఉన్న ఫోక్‌స్టన్‌లో మార్టిన్ వాల్టర్ కంపెనీ బెడ్‌ఫర్డ్ వ్యానులను డోర్మొబైల్ బండ్లుగా మార్చి, ఒక పక్కకు తెరుచుకునే చారల గుడ్డ కప్పును ఊరూరా పరిచయం చేసింది. రోడ్డు మీద బండి పొట్టిగా ఉండాలి, ఆగినచోట మనిషి నిటారుగా నిలబడాలి. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరాలంటే మడతపడే గోడ కావాలి, మడతపడాలంటే అది పల్చగా ఉండాలి. చలి బాధంతా ఆ పల్చదనంలోనే ఉంది.

వేడి గాలి పైకి పోతుంది. హీటరు వేడి, వంట వేడి, మనుషుల ఒంటి వేడి, అన్నీ పై మంచం దగ్గరికే చేరతాయి. అక్కడ వాటిని ఆపవలసింది అర మిల్లీమీటరు గుడ్డ. కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. కప్పు చుట్టూ మూడున్నర చదరపు మీటర్ల గుడ్డ ఉందనుకుందాం. లోపల 15 డిగ్రీలు, బయట సున్నా. గాలి వీచని రాత్రి అయినా ఆ గుడ్డలోంచి సుమారు 300 వాట్ల వేడి బయటికి పోతుంది. నిద్రపోయే మనిషి ఒంటి నుంచి వెలువడేది 70, 80 వాట్లు. అంటే నలుగురి ఒంటి వేడి రాత్రంతా ఆకాశం పాలు. అదే గుడ్డకు బయట కొంచెం ఖాళీ వదిలి, సెంటీమీటరు మందాన పాలియెస్టర్ దూది కుట్టిన తొడుగు వేస్తే నష్టం వంద వాట్లకు దిగుతుంది. అయితే అంచులన్నీ మూసుకుపోవాలి. ఎక్కడ సందు ఉన్నా చల్లగాలి దూరి, లోపలి వెచ్చని గాలిని తోసేస్తుంది. అప్పుడు ఈ లెక్క లెక్కగానే మిగులుతుంది.

మన ఇళ్ళలో పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత ఎందుకు వెచ్చగా ఉంటుందో ఇదీ అందుకే పనిచేస్తుంది. పొరల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. అందుకే తొడుగు మందం కన్నా అది కుదురుగా కూర్చోవడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. బండి కొలతకు సరిగ్గా కుట్టిన పల్చటి తొడుగు, వదులుగా వేలాడే మందపాటి తొడుగు కన్నా నయం.

దుకాణాల్లో వెండిలా మెరిసే షీట్లు చూపించి, పల్చగా ఉన్నా ఎంతో మందం దూదికి సమానమని చెబుతారు. అందులో నిజం కొంతే. అల్యూమినియం రేకు తన మీద పడిన వేడి కిరణాల్లో నూటికి 95 వంతుల వరకూ వెనక్కి పంపుతుంది. కానీ దాని ముందు గాలి ఖాళీ ఉంటేనే ఆ గుణం పనికొస్తుంది. గుడ్డకు అతుక్కుపోతే రేకు కూడా లోహమే కనుక ఇటు వేడి అందుకుని అటు అందిస్తుంది. బయటి వైపు రేకుకు ఇంకో ప్రయోజనం ఉంది. మబ్బు లేని రాత్రి బండి కప్పు ఆకాశంలోకి వేడిని వెదజల్లుతూ చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువగా చల్లబడుతుంది. వెండి పూత దాన్ని తగ్గిస్తుంది. కాబట్టి కొనేటప్పుడు మెరుపుతో పాటు లోపల దూది ఉందా, నురుగు షీటు ఉందా అని తడిమి చూడాలి. దూది మెత్తగా మడతపడుతుంది కానీ తడిస్తే పనికిరాదు. నురుగు షీటు నీళ్ళు పీల్చదు కానీ చుట్టడానికి మొండికేస్తుంది. వానలు ఎక్కువగా కురిసే చోట్లకు వెళ్ళేవాళ్ళకు నేనైతే నురుగు షీటే చెబుతాను.

తొడుగు లోపల వేయాలా, బయట వేయాలా? క్యాంపర్‌వ్యాన్ వాళ్ళు ఎక్కడ కలిసినా తెగని చర్చ ఇది. లోపల వేసుకునే తొడుగు సుఖమైన పని. వానలో బయటికి వెళ్ళనక్కర్లేదు, గాలికి టపటపా కొట్టుకోదు. చిక్కల్లా చెమ్మతోనే. మనిషి ఊపిరిలోంచి, చర్మంలోంచి రాత్రంతా నీటి ఆవిరి వెలువడుతూనే ఉంటుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు పడుకుంటే తెల్లారేసరికి గాలిలో కలిసే నీళ్ళు తక్కువేం కాదు. ఆ ఆవిరి లోపలి తొడుగు సందుల్లోంచి వెనక్కి వెళ్ళి, చల్లగా ఉన్న గుడ్డకు తగిలి నీరవుతుంది. పొద్దున తొడుగు తీసి చూస్తే వెనక గుడ్డ తడిసి ఉంటుంది. దాన్ని అలాగే మడిచి కప్పు దించేస్తే కొన్నాళ్ళకు నల్లటి బూజు మచ్చలు పడతాయి, అవి ఉతికినా పోవు. బయట తొడిగితే గుడ్డ వెచ్చని వైపు ఉండిపోతుంది. ఆవిరి నీరైతే తొడుగు లోపలి ముఖం మీద అవుతుంది, గుడ్డకు అవతలే కిందికి జారిపోతుంది. గాలి కూడా గుడ్డ దాకా రాదు. ఒకటి రెండు రాత్రుల ప్రయాణానికి లోపలి తొడుగు చాలు. చలికాలమంతా తిరిగేవాళ్ళకు బయటి తొడుగే సరైనది.

బయటి తొడుగుల్లోనూ రెండు తీరులున్నాయి. ఒకటి టోపీలా కప్పు పైనుంచి మొత్తం దిగుతుంది, రెండోది గుడ్డ గోడను మాత్రమే నడికట్టులా చుట్టుకుంటుంది. టోపీ రకం ఎక్కువ వెచ్చన. కానీ కప్పు మీద సోలార్ పలక ఉంటే అది మూసుకుపోతుంది, పైగా పొట్టివాళ్ళు ఒంటరిగా దాన్ని విసిరి వేయడం కష్టం. చుట్టే రకం తేలిక, ఎక్కువమందికి అదే సరిపోతుంది.

కొలతలు కప్పు లేపిన తర్వాతే తీయాలి, అదీ గుడ్డ బిగుతుగా సాగి ఉన్నప్పుడు. ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా టీ5, టీ6 బండ్లలో కప్పు ముందు వైపు లేస్తుంది, వెనక మూసే ఉంటుంది, పక్క గోడలు త్రికోణాలవుతాయి. డోర్మొబైల్ పక్కకు లేస్తుంది. ఒక బండి తొడుగు ఇంకో బండికి సరిపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంట్లో కుట్టుకునేవాళ్ళు పాత దుప్పటిని గోడ మీద పరిచి, పిన్నులు పెట్టి, సుద్దముక్కతో కిటికీ జిప్పులు ఎక్కడున్నాయో గీసుకుంటారు. కిటికీకి ఎదురుగా తొడుగులోనూ పైకి చుట్టి కట్టుకునే తలుపు ఉండాలి. దారం విషయంలో ఒక పాత గుడారాల మెళకువ ఉంది. పాలియెస్టర్ పోగు మీద నూలు చుట్టిన దారంతో కుడతారు. వానకు తడవగానే నూలు ఉబ్బి సూది వేసిన రంధ్రాన్ని మూసేస్తుంది. ఇలాంటి చిన్న తెలివి తరాలుగా చేతులు మారుతూ వచ్చింది, దాన్ని పోగొట్టుకోకూడదు.

తొడిగేటప్పుడు అసలు కిటుకు అంచుల దగ్గర ఉంది. జారుడు తలుపు మెట్టు మీద నిలబడి, ఎత్తయిన వైపు నడిమధ్య నుంచి మొదలుపెట్టాలి. తొడుగు పై అంచును కప్పు పెదవి కిందికి దోపి, ఎలాస్టిక్ తాళ్ళను హుక్కులకు వేస్తూ రెండు పక్కలకూ సమంగా వెళ్ళాలి. కింది అంచును మాత్రం బండి వాననీటి కాలువకు బయట వేలాడదీయాలి. చూడటానికి చక్కగా ఉంటుందని చాలామంది దాన్ని లోపలికి దోపేస్తారు. అప్పుడు తొడుగు మీద జారిన వాన నేరుగా లోపలికి, పరుపు మీదికి దిగుతుంది. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకు మీద కూర్చుంటుందే, ఇక్కడా నీటికి అదే వరుస కావాలి. మూలల దగ్గర తొడుగు ముడతపడితే ఆ ముడతలోంచే గాలి దూరుతుంది, అక్కడ ఒక అదనపు హుక్కు కుట్టించుకోవడం మంచిది.

ఇంత బిగించాక గాలి ఆడే దారి మరిచిపోతే ప్రమాదం. గాలి మరుగు వైపు జిప్పు నాలుగు వేళ్ళ మేర తెరిచి ఉంచాలి, బండి కింద ఉన్న గాలి రంధ్రాలు మూయకూడదు. వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దానికి అలారం పెట్టుకోవాల్సిందే. డీజిల్ హీటరు ఉంటే దాని పొగగొట్టం దగ్గరికి తొడుగు కొస రాకుండా చూడాలి. మాజ్దా బోంగో లాంటి బండ్లలో కప్పు మీట నొక్కితే మోటారుతో దిగుతుంది. తొడుగు తీయకుండా ఆ మీట నొక్కితే గుడ్డ, తాళ్ళు, హుక్కులు అన్నీ ఒకేసారి నలుగుతాయి. తొడుగు వేసి ఉందని గుర్తుండటానికి స్టీరింగ్‌కు ఒక రంగు తాడు కట్టి ఉంచుకునేవాళ్ళు మంచి పని చేస్తున్నారు.

ఈ తొడుగు విలువ చలికే పరిమితం కాదు. స్కాట్లండ్‌లో జూన్ నెలలో నాలుగున్నరకే తెల్లారిపోతుంది. గుడ్డ గోడలోంచి వెలుగు పడి పిల్లలు లేచి కూర్చుంటారు. తొడుగు వేస్తే ఇంకో రెండు గంటలు నిద్రపోతారు, తల్లిదండ్రులకూ నిద్ర దక్కుతుంది. హీటరు తక్కువసేపు తిరుగుతుంది, బ్యాటరీ నిలుస్తుంది. ఎండకూ వానకూ నేరుగా తగలదు కనుక అసలు గుడ్డ ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ గుడ్డ మార్పించడం చాలా ఖర్చుతో కూడిన పని.

గాలి మరీ ఉద్ధృతంగా ఉన్న రాత్రి మాత్రం ఏ తొడుగునూ నమ్ముకోకూడదు. దాన్ని తీసేసి, కప్పు దించుకుని, అందరూ కింద సర్దుకుని పడుకోవాలి. ఇంటికి వచ్చాక తొడుగును ఎండలో రెండు వైపులా ఆరనివ్వాలి. రేకు ఉన్నదాన్ని మడవకుండా చుట్టి పెట్టాలి, ఎందుకంటే ఒకే చోట మడతపడితే రేకు చీలుతుంది. కప్పు గుడ్డ తడిసి ఉండి ఎండ లేకపోతే కప్పును గోడౌన్‌లోనో పోర్టికోలోనో లేపి ఉంచి, గుడ్డ చేతికి పొడిగా తగిలేదాకా ఆగి, అప్పుడు దించాలి.