పేరు వదలుకున్న రాజకుమారుడు

వైజ్ఞానిక నవలలలో యంత్రాలు త్వరగా పాతబడతాయి. ఒక తరాన్ని విస్మయపరచిన సాధనం మరొక తరానికి నిత్యవ్యవహారంలోని వస్తువవుతుంది. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1869-70 సంవత్సరాలలో ప్రకటించిన 'సముద్రగర్భంలో ఇరువది వేల లీగులు' అనే నవలలోని నాటిలస్ నౌకకు ఈ గతియే పట్టినది. విద్యుచ్ఛక్తితో నీటి అడుగున సంచరించే ఓడ నేడు ఎవరికీ వింత కాదు. 1954లో అమెరికా నీటిలోనికి దింపిన తొలి అణుశక్తి జలాంతర్గామి పేరు కూడా నాటిలసే. అయినా ఆ ఓడకు అధిపతియైన కెప్టెన్ నెమో మాత్రం పాతబడలేదు. ఈ శాఖకు చెందిన నవలలలో తమకు ప్రియమైన పాత్రలను తలచుకొనేవారు అతనిని మరువరు. దీనికి కారణమేమి?

అతని మేధాశక్తి కారణమనుకొనరాదు. మేధావులైన నాయకులు ఈ నవలలలో కొల్లలుగా ఉన్నారు. నెమో స్వభావంలోని వైరుధ్యమే అతనికి ప్రాణం పోసినది. సింహళ తీరాన ముత్యాల కొరకు నీట మునిగిన ఒక పేద భారతీయుని రక్షించడానికి అతడు కత్తి దూసి సొరచేపకు ఎదురుపోతాడు. ఆపైన అతని చేతిలో ఒక ముత్యాల సంచి ఉంచుతాడు. తిరుగుబాటు చేసిన క్రీటు ద్వీపవాసులకు బంగారం పంపుతాడు. అట్టి దయామయుడే ఒక యుద్ధనౌకను అందులోని మనుష్యులతో సహా ముంచివేస్తాడు. తరువాత తన గదిలో, ఒక స్త్రీ, ఇద్దరు బిడ్డలు ఉన్న చిత్రం ఎదుట మోకరిల్లి విలపిస్తాడు. అతనిని గౌరవించవలెనో, గర్హించవలెనో కథ చెప్పే ప్రొఫెసర్ అరొనాక్స్ తేల్చుకొనలేడు, పాఠకుడూ తేల్చుకొనలేడు.

ఆ విలాపానికి హేతువు మొదటి నవలలో లేదు. రష్యాపై పగబూనిన పోలండు దేశీయునిగా నెమోను చిత్రించవలెనని వెర్న్ తొలుత తలచినాడు. ప్రచురణకర్త ఎత్సెల్ అందుకు సమ్మతించలేదు. కనుక అతడు దేశమేదో తెలియని మనిషిగానే మిగిలినాడు. నెమో అనగా లాటిను భాషలో 'ఎవడూ కాదు' అని అర్థం. 1874-75లో వెలువడిన 'రహస్య ద్వీపం' చివర, మరణశయ్యపై అతడు నోరు విప్పుతాడు. అతడు బుందేల్‌ఖండ్ రాజు కుమారుడు, పేరు డక్కర్. పదవ ఏట ఐరోపాకు పోయి, అక్కడి విద్యలన్నీ నేర్చి, 1849లో స్వదేశానికి తిరిగివచ్చినాడు. 1857 తిరుగుబాటులో పోరాడి ఓడినాడు. తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు బలియైనారు. ఆ తరువాతనే పసిఫిక్ సముద్రంలోని ఒక నిర్జన ద్వీపాన నాటిలస్ నిర్మాణం జరిగినది.

ఈ వృత్తాంతంలో లోపాలున్నవి. బుందేల్‌ఖండ్ రాజకుమారుని టిప్పు సుల్తానుకు మేనల్లుని చేయడం చరిత్రకు పొసగదు. మొదటి నవలలోని ప్రయాణం 1867లో ఆరంభమైనది కాగా, రెండవ నవలలో 1868నాటికే అది పదహారేండ్ల కిందటి సంగతియైనది. అయినను ఊహలో సత్యమున్నది. బుందేల్‌ఖండ్ అనగానే హిందీ పాఠకునికి వృందావన్‌లాల్ వర్మ 1946లో ప్రకటించిన 'ఝాన్సీ కీ రాణీ' నవల స్ఫురిస్తుంది. లక్ష్మీబాయి రణరంగంలో నేలకొరిగినది. డక్కర్‌కు ఆ భాగ్యం దక్కలేదు. ఓటమి తరువాత బ్రతకవలసివచ్చినది. అతని విజ్ఞానమంతా ఆ బ్రతుకును దాచుకొనడానికి కట్టుకున్న గుహ వంటిది.

ఇంత కీలకమైన చరిత్ర ఆంగ్లానువాదంలో ఏమైనదో చూడవలసి ఉన్నది. 1875లో కింగ్‌స్టన్ పేరుతో వెలువడిన అనువాదం నేటికీ ప్రచారంలో ఉన్నది. ఆంగ్లేయుల కాడి భారతీయులకు బహుశా మోయరానంత బరువైనదని వెర్న్ వ్రాసినచోట, ఆంగ్లేయులే ఈ దేశానికి శాంతిని, సౌభాగ్యాన్ని ప్రసాదించినారనీ, అజ్ఞానులైన ప్రజలు కుటిలులైన ప్రభువుల చేతిలో పనిముట్లైనారనీ ఆ అనువాదం చెప్పుతుంది. మాట తప్పుగా అర్థమై జరిగిన పొరపాటు కాదిది. రచయిత చెప్పినదానికి విరుద్ధమైనది రచయిత పేరు మీదనే చెలామణియైనది.

ఫలితంగా పాత్రయే మారిపోయినది. న్యాయమైన కోపం లేని నెమో యుద్ధనౌకను ముంచితే అది ఉన్మాదం. అతని కన్నీరు అకారణం. అట్టి నెమోను చదివిన భారతీయుడు తన దేశస్థుని ఎదుట నిలిచి కూడా అతనిని గుర్తించలేడు. తనంత తానుగా పేరు విడిచినవాని నుండి అనువాదకుడు దేశాన్ని కూడా తీసివేసినాడు.

ఈ కథను ఏ భారతీయ భాషలోనికైనా తెచ్చేవారు ఆంగ్లపాఠంతో తృప్తిపడక ఫ్రెంచి మూలం వద్దకే పోవలెను. బాలురకని సంగ్రహించినా, ఓడ వర్ణన తగ్గించవచ్చునుగాని ఆ చిత్రాన్ని, ఆ మరణశయ్యను విడిచిపెట్టరాదు. నాటిలస్ వంటి ఓడలు ఈనాడు అనేక దేశాలకున్నవి. నెమో ఒక్కడే.