కాళోజీ భాష: పుట్టుక, పెంపకం, ఎంపిక

ప్రాంతీయ భాషలో రాసిన కవిని ఆ నేలబిడ్డగా పేర్కొనడం తెలుగు విమర్శలో పరిపాటి. పలుకు పుట్టుకతోనే సంక్రమిస్తుందన్న భావన దీనికి మూలం. కాళోజీ నారాయణరావు విషయంలో ఈ భావన నిలవదు.

కాళోజీ 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో జన్మించారు. తండ్రిది మరాఠీ కుటుంబం, తల్లి కన్నడిగ. ఆ కుటుంబం వరంగల్లు సమీపంలోని మడికొండలో స్థిరపడింది. కనుక తెలంగాణ తెలుగు ఆయనకు వంశపారంపర్యంగా వచ్చినది కాదు, పెరిగిన ఊరి సాంగత్యం వల్ల అబ్బినది.

ఆ ఊరి భాషకు చారిత్రక నేపథ్యం ఉంది. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. అందువల్ల అక్కడి తెలుగు పాఠ్యపుస్తకాల కంటే జనవ్యవహారంలోనే ఎక్కువగా పెరిగింది. జాగ, సడక్, దవాఖాన వంటి మాటలను సహజంగా కలుపుకుంది. కోస్తా జిల్లాలలో మాత్రం బడి, పత్రిక, గిడుగు రామమూర్తి సాగించిన వ్యావహారిక భాషోద్యమం కలిసి ఒక శిష్టవ్యవహారాన్ని రూపొందించాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అదే ప్రమాణంగా చెలామణి అయింది. తెలంగాణ వ్యక్తి తన మాతృభాషలోనే పరాయితనాన్ని అనుభవించవలసి వచ్చింది.

ఈ హెచ్చుతగ్గులకు వ్యాకరణంలో ఆధారం లేదు. 'వచ్చాడు', 'వచ్చిండు' రెండూ 'వచ్చినాడు' అన్న రూపానికి సంకోచాలే. మొదటిది పాఠ్యపుస్తకానికి ఎక్కగా, రెండవది చాలాకాలం సినిమాలలో హాస్యపాత్రల, ప్రతినాయకుల నోటికి పరిమితమైంది.

'నా గొడవ' కవితల ప్రత్యేకతను ఈ నేపథ్యంలో గుర్తించాలి. కథాసాహిత్యంలో తరచుగా పాత్రలు మాండలికంలో మాట్లాడతాయి, రచయిత మాత్రం ప్రమాణభాషలో కథనం సాగిస్తాడు. మాండలికం అక్కడ ప్రదర్శనవస్తువుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. కాళోజీ జనభాషలో పలికిన కవితలలో అటువంటి మధ్యవర్తి లేడు. కోపగించేది, నిలదీసేది, నవ్వేది కవే. అయితే ఆయన కవిత్వమంతా ఒకే పలుకులో లేదు. గ్రాంథిక ఛాయలున్న రచనలు కూడా ఉన్నాయి. బహుభాషావేత్తయైన కవికి ఇతర మార్గాలు అందుబాటులో ఉన్నాయనడానికి ఇది నిదర్శనం. కాబట్టి జనభాష ఆయనకు అనివార్యత కాదు, తెలిసి చేసుకున్న ఎంపిక.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. మరాఠీ, కన్నడ మూలాలున్న కవి జన్మదినం తెలుగు పలుకుకు పండుగ కావడం గమనార్హం. ఒక భాషాసమాజంలో చేరడానికి జన్మస్థలం అర్హత కానక్కరలేదని ఇది సూచిస్తుంది. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. పాలమూరు, ఆదిలాబాదు, ఖమ్మం పలుకులు పరస్పరం భిన్నమైనవి. వాటిలో ఒకదానినే 'అసలు తెలంగాణ భాష'గా స్థిరపరిస్తే, కాళోజీ ఎదిరించిన ఆధిపత్యమే మరో రూపంలో తిరిగి వస్తుంది.